పీడీఎఫ్ తీసే టూల్‌కి ఏజెంట్ల కోసం డాక్యుమెంటేషన్: హెల్ప్ చాలా, స్కిల్ రాయాలా, ఎంసీపీ కట్టాలా?

హైదరాబాద్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ టీమ్‌లు చాలావాటి దగ్గర ఇలాంటి టూల్ ఒకటి ఉంటుంది. మార్క్‌డౌన్ అనే సాదా టెక్స్ట్ పద్ధతిలోనో డేటాబేస్‌లోనో ఉన్న విషయాన్ని పీడీఎఫ్‌గానో వర్డ్ ఫైలుగానో బయటికిస్తుంది. స్కూలు ప్రోగ్రెస్ కార్డులు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ బిల్లులు, పబ్లిషర్‌కి పంపాల్సిన ప్రూఫులు, ఏదైనా కావచ్చు. ఇన్నాళ్లూ దాన్ని మనుషులే వాడారు. తేడా వస్తే పక్క సీటువాణ్ణి అడిగేవాళ్లు. ఇప్పుడు అదే టూల్‌ని క్లాడ్ కోడో, కోడెక్సో, జెమినై సీఎల్ఐయో, ఇలాంటి ఏదో ఒక ఏఐ ఏజెంట్ (చెప్పిన పనికి తనే కమాండ్లు ఇచ్చుకునే ప్రోగ్రామ్) నడుపుతోంది. దానికి పక్క సీటు లేదు. మనం రాసిపెట్టిందే దిక్కు.

ఆ రాసేదేదో ఎక్కడ రాయాలన్న దగ్గరే అందరికీ టెన్షన్. టూల్‌లోనే ఉండే హెల్ప్, ప్రాజెక్టులో పెట్టే ఏజెంట్స్ డాట్ ఎండీ అనే సూచనల ఫైలు, ఏజెంట్‌కి ఒక పని నేర్పే స్కిల్ ఫోల్డరు, ఏజెంట్‌ని బయటి టూల్స్‌తో కలిపే ఎంసీపీ సర్వర్, వెబ్ సర్వీసుని వివరించే ఓపెన్‌ఏపీఐ వర్ణన, ఏఐ మోడళ్ల కోసం వెబ్‌సైట్‌లో పెట్టే ఎల్ఎల్ఎమ్స్ డాట్ టీఎక్స్‌టీ... ఇన్ని దారులున్నాయి. నా మాట ముందే చెప్పేస్తాను. ఏజెంట్‌కి టెర్మినల్ (కమాండ్లు ఇచ్చే చోటు) అందుబాటులో ఉంటే హెల్ప్‌ని గట్టిగా రాసి, దాని మీద ఒక చిన్న స్కిల్ పెట్టండి. టెర్మినల్ లేని చోటే ఎంసీపీకి వెళ్లండి. ఏ దారి పట్టినా, పని సరిగ్గా అయిందని ఎలా తెలుసుకోవాలో రాయకపోతే మిగతాదంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఈ చివరి మాట ఎందుకంటున్నానో తెలుగు ఫైలు ఒకటి పెట్టుకుని చూస్తే తెలుస్తుంది.

ఎగ్జిట్ కోడ్ సున్నా, పేజీ ఖాళీ

పాన్‌డాక్‌ని తీసుకుందాం. జాన్ మెక్‌ఫర్లేన్ 2006లో మొదలుపెట్టిన ఉచిత టూల్ ఇది, ఫార్మాట్లు మార్చడంలో దీన్ని మించింది లేదు. తెలుగు మార్క్‌డౌన్ ఫైలు ఇచ్చి పీడీఎఫ్ చెయ్యమంటే ఏజెంట్ మొదట మామూలు కమాండే ఇస్తుంది. పీడీఎఫ్ కోసం పాన్‌డాక్ తనంతట తాను పిలిచేది పీడీఎఫ్‌లేటెక్ అనే పేజీలు కూర్చే ఇంజిన్‌ని. దానికి తెలుగు అక్షరాలు తెలియవు. ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, ఎగ్జిట్ కోడ్ (పని ఎలా ముగిసిందో చెప్పే అంకె, సున్నా అంటే సరిగ్గా అయినట్టు) 43. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు, గట్టిగా అరిచి ఆగింది కాబట్టి.

ఏజెంట్ ఆ ఎర్రర్ చదివి, ఇంజిన్‌ని జీలేటెక్‌కి మార్చి మళ్లీ నడుపుతుంది. ఈసారి ఎగ్జిట్ కోడ్ సున్నా. ఫైలు వచ్చింది. "పీడీఎఫ్ సిద్ధంగా ఉంది" అని మనకి చెప్పేస్తుంది. తెరిచి చూస్తే అంకెలుంటాయి, మధ్యలో ఇంగ్లిష్ మాటలుంటాయి, తెలుగు ఉండాల్సిన చోటంతా తెల్లగా ఉంటుంది. డిఫాల్ట్‌గా వచ్చే లాటిన్ మోడర్న్ ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు మరి. పాన్‌డాక్ ఈ సంగతి దాచిపెట్టలేదు. ఫలానా అక్షరం ఈ ఫాంట్‌లో లేదని వార్నింగులు ఇస్తూనే ఉంది. వార్నింగ్ కనిపిస్తే పని కానట్టే లెక్క అని ఏజెంట్‌కి ఎవరూ చెప్పలేదు, అంతే.

వార్నింగ్ వస్తే ఫెయిల్ అవ్వమనే ఆప్షన్ పాన్‌డాక్‌లో ఉంది. అది పెడితే ఇదే కమాండ్ ఎగ్జిట్ కోడ్ 3తో ఆగిపోతుంది. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్‌ని మెయిన్‌ఫాంట్‌గా ఇస్తే ఖాళీలు పోతాయి. స్క్రిప్ట్ తెలుగు అని కూడా చెప్పాలి, లేకపోతే అక్షరాలు వచ్చినా ఒత్తులు విడిపోయే ప్రమాదం ఉంది. డీటీపీ సెంటర్‌లో కూర్చున్న కుర్రాడైతే మొదటి పేజీ చూడగానే "అన్నా, ఒత్తులన్నీ పక్కకొచ్చాయి" అని అరుస్తాడు. ఏజెంట్ అరవాలంటే ముందు పేజీ చూడాలి, చూడమని మనం చెప్పాలి.

లిబ్రేఆఫీస్‌ది ఇంకో తీరు. విండో తెరవకుండా కమాండ్‌తో వర్డ్ ఫైలుని పీడీఎఫ్ చేయించవచ్చు. అదే యూజర్ ప్రొఫైల్‌తో ఇంకో లిబ్రేఆఫీస్ తెరిచి ఉంటే మాత్రం కన్వర్షన్ జరగకుండానే కమాండ్ ముగిసిపోవచ్చు. ప్రతి రన్‌కీ వేరే ప్రొఫైల్ ఫోల్డరు ఇవ్వాలన్న ఒక్క లైను డాక్యుమెంటేషన్‌లో ఉంటే ఏజెంట్ అరగంట కొట్టుకోదు, ఆ అరగంట టోకెన్ల (ఏఐ వాడకాన్ని లెక్కగట్టే మాట ముక్కల) ఖర్చు మన జేబులోంచి పోదు.

ఇక దారుల్లోకి వద్దాం.

హెల్ప్, దాని వెంట ఒక లైను

టెర్మినల్ ఉన్న ఏజెంట్ తెలియని టూల్ కనపడగానే మొదట చేసే పని హెల్ప్ అడగడం. కోడ్‌తో పాటే మారేది కాబట్టి హెల్ప్ పాతబడే అవకాశం తక్కువ. వేరే ఫైలులో ఎంత అందంగా రాసినా ఆరు నెలల్లో అది కోడ్‌కి దూరమైపోతుంది. మన టీమ్‌లలో రీడ్‌మీలు ఏ స్థితిలో ఉంటాయో అందరికీ తెలిసిందే.

మనుషుల కోసం రాసిన హెల్ప్‌ని ఏజెంట్ కోసం కాస్త సవరించాలి. పేజర్ (ఒక్కో తెర చూపించి మీట నొక్కేదాకా ఆగే ప్రోగ్రామ్) తెరుచుకోకూడదు, తెరుచుకుంటే ఏజెంట్ అక్కడే ఇరుక్కుంటుంది. "ఫైలు ఇప్పటికే ఉంది, దాని మీదే రాయమంటారా?" అని టూల్ ఎదురు ప్రశ్న వేసి కూర్చోకూడదు. ఓవర్‌రైట్ చేయాలంటే దానికో ఆప్షన్ ఉండాలి, లేకపోతే ఎర్రర్‌తో ఆగాలి. రిజల్ట్ స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకి, వార్నింగులు స్టాండర్డ్ ఎర్రర్‌లోకి, అంటే రెండూ వేర్వేరు దారుల్లోకి పోవాలి. జేసన్‌గా (ప్రోగ్రాములు సులువుగా చదివే పద్ధతిలో) రిజల్ట్ ఇచ్చే ఆప్షన్ ఉంటే మరీ మంచిది: ఏ ఫైలు వచ్చింది, ఎన్ని పేజీలు, ఏ ఫాంట్లు, ఎన్ని వార్నింగులు. ఎగ్జిట్ కోడ్‌ల పట్టిక హెల్ప్ చివర్లో ఉండాలి. పాన్‌డాక్ తన కోడ్‌లన్నీ మాన్యువల్‌లో రాసిపెట్టింది, అది చూసి నేర్చుకోవచ్చు.

హెల్ప్‌కి ఒకటే లోపం. టూల్ ఉందని తెలిస్తేనే ఏజెంట్ హెల్ప్ అడుగుతుంది. అందుకు ఏజెంట్స్ డాట్ ఎండీ పనికొస్తుంది. ప్రాజెక్టు ఫోల్డరులో పెట్టే ఈ ఫైలుని చాలా కోడింగ్ ఏజెంట్లు సెషన్ మొదట్లోనే చదువుకుంటాయి. క్లాడ్ కోడ్‌కి తన సొంత క్లాడ్ డాట్ ఎండీ ఉంది, అందులో ఏజెంట్స్ డాట్ ఎండీని చేర్చుకోమని ఒక లైను రాస్తే రెండింటికీ ఒకటే ఫైలు సరిపోతుంది. కాకపోతే ఇది ప్రతి సెషన్‌లోనూ మొత్తంగా ఎక్కుతుంది. బిల్లులతో సంబంధం లేని బగ్ ఫిక్స్ చేస్తున్నప్పుడు కూడా మీ ఎక్స్‌పోర్ట్ పురాణం ఏజెంట్ నెత్తిన ఉంటుంది. కాబట్టి అక్కడ "పీడీఎఫ్ కావాలంటే ఈ కమాండ్, వివరాలకి దాని హెల్ప్" అని రెండు లైన్లకి మించి రాయొద్దు.

స్కిల్

నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. క్లాడ్‌ని తయారుచేసే ఆంత్రోపిక్ 2025 అక్టోబరులో తెచ్చింది, అదే ఏడాది డిసెంబరులో ఓపెన్ స్టాండర్డ్‌గా బయటపెట్టింది. ఒక ఫోల్డరు, అందులో స్కిల్ డాట్ ఎండీ అనే ఫైలు. ఫైలు పైన పేరు, వర్ణన. మొదట ఏజెంట్ మెదడులోకి ఎక్కేవి ఆ రెండే. పని దానికి సంబంధించినదైతేనే మిగతా ఫైలు చదువుతుంది. ఇంకా లోతైన వివరాలు పక్క ఫైళ్లలో పెడితే అవసరమైనప్పుడే తెరుస్తుంది. ఫోల్డరులో స్క్రిప్టులు కూడా పెట్టొచ్చు, వాటి కోడ్ చదవకుండానే నడుపుకోవచ్చు. పేరు 64 అక్షరాలు, వర్ణన 1024 అక్షరాలు దాటకూడదు. ఫైలు 500 లైన్లలోపు ఉంచమని ఆంత్రోపిక్ సలహా.

అంటే గెలుపోటములు ఆ వర్ణనలోనే తేలిపోతాయి. "డాక్యుమెంట్లను వివిధ ఫార్మాట్లలోకి మారుస్తుంది" అని రాశారనుకోండి, అది ఎప్పుడూ పిలవబడదు, లేదా ప్రతిదానికీ పిలవబడుతుంది. పైగా వర్డ్, పీడీఎఫ్, ఎక్సెల్, పవర్‌పాయింట్‌లకి ఆంత్రోపిక్ స్కిల్స్ ముందే ఉన్నాయి. మీది వాటితో పోటీ పడి ఓడిపోతుంది. ఇలా రాస్తే వేరు:

"అపార్ట్‌మెంట్ లెక్కల ఫైలు నుంచి ఫ్లాట్ వారీగా మెయింటెనెన్స్ బిల్లుల పీడీఎఫ్‌లు తీస్తుంది. యూజర్ 'ఈ నెల బిల్లులు', 'ఫ్లాట్ రసీదులు', 'బకాయిల లిస్టు ప్రింటు' అని అడిగినప్పుడు వాడాలి. ఉన్న పీడీఎఫ్‌ని చదవడానికీ, మార్చడానికీ వాడకూడదు."

జనం నోటి మాటలు వర్ణనలో ఉన్నాయి చూడండి. సెక్రటరీగారు "మెయింటెనెన్స్ ఇన్‌వాయిస్ జనరేట్ చేయండి" అని అడగరు, "ఈ నెల బిల్లులు తీయండి" అంటారు. ఆ మాటలే వర్ణనలో ఉండాలి. ఎప్పుడు వాడకూడదో చెప్పే వాక్యం కూడా అంతే ముఖ్యం, చాలామంది దాన్నే వదిలేస్తారు.

లోపల ఏం రాయాలంటే, ఆప్షన్ల చిట్టా వద్దు, అది హెల్ప్‌లో ఉంది. ఏ వరసలో చేయాలి, ఎక్కడ బోల్తా పడతారు, అయ్యాక ఏం చూడాలి, ఈ మూడూ చాలు. ఎక్స్‌పోర్ట్ తర్వాత మొదటి పేజీని పాప్లర్ అనే పీడీఎఫ్ టూల్స్ కట్టలోని పీడీఎఫ్‌టుపీపీఎమ్‌తో బొమ్మగా మార్చి చూడమని రాయండి. పీడీఎఫ్‌ఫాంట్స్ నడిపి తెలుగు ఫాంట్ ఎంబెడ్ అయిందో లేదో చూడమనండి. పీడీఎఫ్‌టుటెక్స్ట్‌తో అక్షరాలు బయటికి తీసి పోల్చమని మాత్రం రాయొద్దు. కాగితం మీద నిక్షేపంగా కనిపించే తెలుగు పీడీఎఫ్ నుంచి కూడా టెక్స్ట్ తీస్తే ఒత్తులు తారుమారై వస్తుంటాయి. దాన్ని చూసి ఏజెంట్ బాగున్న ఫైలుని పాడైందనుకుని మళ్లీ మళ్లీ తీస్తుంది.

దీనికున్న పరిమితి తెలిసిందే. స్కిల్ అర్థం చేసుకునే ఏజెంట్ ఉండాలి, కమాండ్ నడిపే చోటు ఉండాలి. ఎవరో కస్టమర్ తన ఫోన్‌లోని చాట్ యాప్‌లోంచి మీ టూల్ వాడాలంటే స్కిల్ ఒక్కటే చాలదు.

ఎంసీపీ

2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన ప్రోటోకాల్ ఇది. 2025 డిసెంబరులో లైనక్స్ ఫౌండేషన్ కింద ఏర్పడిన సంస్థ చేతికి వెళ్లింది, ఏజెంట్స్ డాట్ ఎండీ కూడా అక్కడికే చేరింది. ఒక కంపెనీ వదిలేస్తే మూలపడిపోతుందన్న భయం ఆ మేరకు తగ్గింది.

ఇక్కడ డాక్యుమెంటేషన్ అంటే టూల్ పేరు, వర్ణన, ఇన్‌పుట్ స్కీమా (ఏయే ఫీల్డులు, ఎలాంటి విలువలు ఇవ్వాలో చెప్పే పట్టిక). మనం అనుకునే మాన్యువల్ ఏజెంట్‌కి కనపడదు, ముఖ్యంగా ఈ మూడే కనపడతాయి. కాబట్టి ప్రతి ఫీల్డ్‌కీ వర్ణన రాయాలి. ఫార్మాట్ అనే ఫీల్డ్‌ని ఊరికే స్ట్రింగ్ అని వదిలేయకుండా, ఒప్పుకునే విలువలన్నీ స్కీమాలోనే లిస్టుగా పెట్టాలి. పాత్ (ఫైలు ఉన్న చోటు) అని అడిగితే ఎవరి మెషీన్ మీద పాత్? సర్వర్ మాధాపూర్‌లోని మీ ఆఫీసులో ఉండి, ఫైలు నిజామాబాద్‌లో ఉన్న కస్టమర్ ల్యాప్‌టాప్‌లో ఉంటే ఆ పాత్‌కి అర్థమే లేదు. ఎంసీపీ వర్ణనల్లో నేను ఎక్కువగా చూసే లోటు ఇదే.

తీసిన పీడీఎఫ్‌ని ఎలా తిరిగివ్వాలన్నది ఇంకో తలనొప్పి. బేస్64గా (ఫైలుని మామూలు అక్షరాలుగా మార్చి) రిజల్ట్‌లో కుక్కితే సైజు మూడో వంతు పెరుగుతుంది, 3 ఎంబీ ఫైలు 4 ఎంబీ అక్షరాలవుతుంది. అది మోడల్ కాంటెక్స్ట్‌లోకి (ఒక సెషన్‌లో అది గుర్తుంచుకోగలిగే చోటులోకి) వెళ్తే అక్కడితో సెషన్ సరి. లోకల్ సర్వరైతే పాత్ ఇవ్వండి, రిమోట్ అయితే రిసోర్స్ లింక్ (ఫైలు తెచ్చుకునే చిరునామా) ఇవ్వండి. 2025 జూన్ స్పెసిఫికేషన్ నుంచి రిసోర్స్ లింక్ అధికారికంగానే ఉంది. ఎక్స్‌పోర్ట్ ఫెయిలైతే ప్రోటోకాల్ ఎర్రర్ విసరకుండా, రిజల్ట్‌లోనే ఎర్రర్ గుర్తు పెట్టి కారణం రాయాలి. అప్పుడే మోడల్ చదివి సరిదిద్దుకోగలదు. "ఎక్స్‌పోర్ట్ ఫెయిల్డ్" అంటే దానికి ఏం అర్థమవుతుంది? "తెలుగు అక్షరాలకి ఫాంట్ ఇవ్వలేదు, ఫాంట్ ఫీల్డ్‌లో నోటో సాన్స్ తెలుగు పెట్టి మళ్లీ పిలవండి" అంటే ఇంకో ప్రశ్న లేకుండా పని అయిపోతుంది.

ఎంసీపీకి ఖర్చు కూడా ఎక్కువే. సర్వర్ తగిలిస్తే దాని టూల్స్ వర్ణనలన్నీ మామూలుగా సెషన్ మొదట్లోనే ఎక్కుతాయి. అవసరమైనప్పుడే వెతికి తెచ్చుకునే పద్ధతిని కొన్ని హోస్ట్‌లు (ఏజెంట్ నడిచే యాప్‌లు) పెట్టాయి గానీ, అన్నీ పెట్టాయనుకోవద్దు. అందుకే పీడీఎఫ్‌కి ఒక టూల్, వర్డ్‌కి ఒకటి, ఈపబ్‌కి ఒకటి అని పెంచుకుంటూ పోకుండా ఒకే టూల్‌లో ఫార్మాట్‌ని ఫీల్డ్‌గా పెట్టడం మేలు. సర్వర్‌ని నడపాలి, లాగిన్ చూసుకోవాలి, అప్‌డేట్ చేయాలి. ఇద్దరున్న టీమ్‌కి ఇది బరువే. ఫైళ్లలో జనాల పేర్లు, ఫోన్ నంబర్లు ఉండి అవి రిమోట్ సర్వర్‌కి వెళ్తుంటే 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం సంగతి కూడా చూసుకోవాలి.

చదవడానికే, చెరిపేస్తుంది, మళ్లీ పిలిచినా నష్టం లేదు లాంటి గుర్తులు టూల్‌కి తగిలించే వీలు ఎంసీపీలో ఉంది. తగిలించండి, కానీ అవి సూచనలే, తాళాలు కావు. "ఈ ఫోల్డరు బయట రాయొద్దు" అని వర్ణనలో రాసి నిద్రపోవద్దు, కోడ్‌లోనే ఆపాలి. ఎక్స్‌పోర్ట్ చేసే ఫైలులోనే ఎవరో ఏజెంట్‌ని ఉద్దేశించి ఒక వాక్యం ఇరికించి ఉండొచ్చు, ఏజెంట్ దాన్ని మన ఆదేశమే అనుకోవచ్చు. ఇది ఎంసీపీకే కాదు, అన్ని దారులకీ వర్తిస్తుంది.

ఓపెన్‌ఏపీఐ, ఎల్ఎల్ఎమ్స్ డాట్ టీఎక్స్‌టీ

మీ టూల్ ఇప్పటికే హెచ్‌టీటీపీ సర్వీసుగా ఉంటే ఓపెన్‌ఏపీఐ వర్ణన ఎలాగూ ఉంటుంది. స్వాగర్ నుంచి పుట్టిందే ఇది, ఓపెన్‌ఏఐ కంపెనీతో దీనికి సంబంధం లేదు. దానిలో వర్ణనల్ని మెరుగుపరచండి చాలు. పెద్ద పుస్తకం ఎక్స్‌పోర్ట్ వెంటనే అవ్వదు కాబట్టి 202 (అందింది, ఇంకా పూర్తికాలేదు అనే కోడ్) ఇచ్చి జాబ్ నంబరు చెప్పే పద్ధతి ఉంటుంది. మళ్లీ ఎన్ని సెకన్లకి అడగాలో రాయకపోతే ఏజెంట్ ఊపిరి తీసుకోకుండా అడుగుతూనే ఉంటుంది. ఓపెన్‌ఏపీఐ ఫైలుని ఆటోమేటిగ్గా ఎంసీపీగా మార్చే టూల్స్ చాలా ఉన్నాయి. వాడొద్దనను గానీ, నలభై ఎండ్‌పాయింట్లు (సర్వీసులో ఒక్కో పనికి ఉండే చిరునామాలు) నలభై టూల్స్‌గా మారి ఏజెంట్ మీద పడతాయి. ఏజెంట్‌కి కావాల్సిన రెండు మూడే ఏరి పెట్టండి.

ఎల్ఎల్ఎమ్స్ డాట్ టీఎక్స్‌టీని 2024 సెప్టెంబరులో ఏఐ పరిశోధకుడు జెరెమీ హోవర్డ్ ప్రతిపాదించారు. మీకు పెద్ద డాక్యుమెంటేషన్ వెబ్‌సైట్ ఉండి, వేరేవాళ్ల ఏజెంట్లు అది చదివి కోడ్ రాస్తుంటే పనికొస్తుంది. టూల్‌ని నడిపే ఏజెంట్‌కి దాంతో పనిలేదు. చివర్లో చూసుకోండి.

ఏ భాషలో రాయాలి

ఆదేశాలు ఇంగ్లిష్‌లో, ఉదాహరణలు తెలుగులో అన్నది నా పద్ధతి. తెలుగు వాక్యానికి టోకెన్లు ఎక్కువ పడతాయి, ఎప్పుడూ ఎక్కే వర్ణనలకి అది దండగ. యూజర్ నోటి మాటలు, శాంపిల్ ఫైళ్లు, యూజర్‌కి చూపించాల్సిన ఎర్రర్లు మాత్రం తెలుగులోనే ఉండాలి. ఇంగ్లిష్ శాంపిల్‌తో టెస్ట్ చేసిన ఎక్స్‌పోర్ట్ టూల్ తెలుగుకి పనిచేస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఫైలు పేర్ల సంగతి చూడండి. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ (యూనికోడ్‌లో విడిగా లెక్కపెట్టే గుర్తు) ఒక్కోటి 3 బైట్లు. "లక్ష్మి" అన్న పేరు కంటికి రెండు అక్షరాలు, లోపల 7 కోడ్ పాయింట్లు, 21 బైట్లు. లైనక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరు 255 బైట్లకి మించకూడదు, అంటే 85 తెలుగు కోడ్ పాయింట్లు. శీర్షికనే ఫైలు పేరుగా పెట్టే టూల్ అయితే ఓ మాదిరి పొడవున్న వ్యాసం దగ్గరే తెగుతుంది. ఎంతవరకు కత్తిరిస్తుందో, లేక ఎర్రర్ ఇస్తుందో రాసి ఉండాలి.

అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లు మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ కుప్పలుగా ఉన్నాయి. అవి యూనికోడ్ కావు. ఏజెంట్‌కి అవి అర్థంలేని ఇంగ్లిష్ గుర్తుల్లా కనపడతాయి. ఇక్కడ అసలు ప్రమాదం ఎర్రర్ కాదు. ఏజెంట్ ఆ గుర్తుల్ని "సరిచేసి" తన ఊహలోంచి చక్కటి తెలుగు రాసేస్తుంది, అది అసలు ఫైలులో లేని విషయం అయి ఉంటుంది. "ఇన్‌పుట్ ఇలా కనిపిస్తే ఆపు, యూనికోడ్‌కి మార్చిన ఫైలు అడుగు, నువ్వు ఊహించకు" అని స్కిల్‌లో మొదటి పది లైన్లలోనే ఉండాలి.

హైదరాబాద్ కాగితాల్లో ఉర్దూ కూడా వస్తుంది, 2017 నుంచి తెలంగాణ అంతటా అది రెండో అధికార భాష. కుడి నుంచి ఎడమకి రాసే పేరాలకి టూల్ ఏం చేస్తుందో, ఏం చేయలేదో చెప్పండి. 2010లో వచ్చిన రూపాయి గుర్తు పాత ఫాంట్లలో ఉండదు, బిల్లులు తీసే టూల్‌కి ఇది చిన్న విషయం కాదు. లక్షల కామాలు ఇలా 1,00,000 అని రావాలంటే ఏ ఆప్షనో కూడా చెప్పాలి.

ఎవరికి ఏది

ఒకే కంప్యూటర్ మీద పుస్తకాల పని చేసుకునే డీటీపీ సెంటర్‌కైతే స్కిల్ ఫోల్డరు ఒక్కటి చాలు, టూల్ పాన్‌డాకే కావచ్చు. ఫాంట్ పేరు, స్క్రిప్ట్, వార్నింగ్ ఆప్షన్, మొదటి పేజీ చూడమన్న మాట, అను హెచ్చరిక, అంతే సరుకు. అమీర్‌పేటలో కోర్సు చేసి ఫ్రీలాన్స్‌గా నలుగురికి టూల్స్ రాసిచ్చేవాళ్లు హెల్ప్ మీద శ్రద్ధ పెట్టాలి. రేపు కస్టమర్ ఏ ఏజెంట్ వాడతాడో తెలియదు, హెల్ప్ మాత్రం అన్నిటికీ పనిచేస్తుంది. గచ్చిబౌలిలో ప్రోడక్ట్ అమ్ముకునే కంపెనీకి, కస్టమర్లు తమ చాట్ యాప్‌లోంచే బిల్లులు తీసుకోవాలంటే, ఎంసీపీ తప్పదు. అప్పుడు కూడా లోపల నడిచేది అదే కమాండ్ అయితే ఎర్రర్ మాటలన్నీ ఒకే చోట రాసుకోవచ్చు.

రెండు దారుల మధ్య ఎటూ తేలకపోతే ఇలా చేయండి. కొత్త సెషన్ తెరిచి, మీ డాక్యుమెంటేషన్ తప్ప ఇంకేమీ చెప్పకుండా, ఒత్తులు బాగా ఉన్న తెలుగు ఫైలు, ఫాంట్ లేని మెషీన్, ఇప్పటికే అదే పేరుతో ఒక పీడీఎఫ్ ఉన్న ఫోల్డరు ఇవ్వండి. "దీన్ని పీడీఎఫ్ తీసి పెట్టు" అనండి. పాత ఫైలుని చెరిపేసిందా, ఖాళీ పేజీలిచ్చి అయిపోయిందందా, ఫాంట్ లేదని వచ్చి మిమ్మల్ని అడిగిందా చూడండి. తప్పిన చోట ఒక లైను చేర్చి, మళ్లీ కొత్త సెషన్‌లో ఇంకోసారి ఇవ్వండి. రెండు మోడళ్లతో చేస్తే మంచిది, ఒకటి పెద్దది, ఒకటి చవకది. రోజువారీ బిల్లులు తీసేది ఎలాగూ చవకదే.